నూట యాభై కీర్తనలు, ఒక తులం బంగారం

చర్చి మెట్ల దగ్గర ఎవరైనా "వందనాలు అక్కా, బాగున్నారా?" అంటే "దేవుని కృప" అనేదాన్ని. ఆ మాట నా నోట్లో నలిగి నలిగి రుచి లేకుండా పోయింది. ఆయన పోయి నాలుగేళ్లు దాటింది. అమ్మాయి ఇంటర్‌కు వచ్చింది, హన్మకొండలో మా టైలరింగ్ షాపు నడుస్తోంది, అప్పులు పెద్దగా లేవు. అయినా రోజూ తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చేది. ఇంటి ముందు గదే షాపు. చీకట్లో మిషన్ల మీద కప్పిన గుడ్డల్ని చూస్తూ కూర్చునేదాన్ని. పాటలు పాడుతున్నా, చందా ఇస్తున్నా లోపల ఏమీ కదిలేది కాదు.

2025 మార్చి 5, భస్మ బుధవారం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల మొదటి రోజు. సాయంత్రం ఆరాధన అయ్యాక మా స్త్రీల సమాజంలోని ఒక పెద్దావిడ నన్ను ఆపారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. మేమంతా సిస్టరమ్మ అంటాం. "నీ ముఖం బాగోలేదు పిల్లా" అన్నారు. నేను "దేవుని కృప" అనబోతుంటే చెయ్యెత్తి ఆపేశారు. తర్వాత మందుల చీటీ రాసినట్టు మూడు పనులు చెప్పారు. బైబిలులోని కీర్తనల్లో రోజుకు ఒకటి నిలబడి పైకి చదవాలి. చదివాక మూడు విషయాలకు దేవునికి స్తోత్రం, అంటే కృతజ్ఞత, చెప్పి కాగితం మీద రాయాలి. చదివినదాంట్లో 'ఇది చెయ్యి' అని గుచ్చుకున్నది ఏదైనా ఉంటే ఆ రోజే చెయ్యాలి.

"నీకెలా ఉందని నేను అడగను. చదివావా, చేశావా, అంతే అడుగుతాను. చేదుగా ఉందా అని అడిగి మాత్ర ఇవ్వం కదా!" అన్నారు.

కీర్తనలు 150. రోజుకొకటి చొప్పున లెక్క వేస్తే ఆగస్టు 1కి తేలింది. శ్రమల దినాలు ఏప్రిల్ 19తో అయిపోతాయి కదా, నలభై ఆరోదానితో ఆపేయవచ్చా అని అడిగాను. ఆవిడ నవ్వి వెళ్లిపోయారు.

మొదటి వారంలో ఆధ్యాత్మికం ఏమీ జరగలేదు గానీ ఖర్చు మాత్రం జరిగింది. నా పెళ్లినాటి బైబిలులో అక్షరాలు చీమల్లా కనబడ్డాయి. చౌరస్తాలో దగ్గరచూపు అద్దాలు 350, పెద్ద అక్షరాల బైబిలు 650. వెయ్యి రూపాయలు పెట్టాక మానేయడానికి మనసొప్పలేదు. నన్ను మొదటి పది రోజులు నిలబెట్టింది విశ్వాసం కాదు, ఆ వెయ్యి రూపాయలే.

రెండో ఇబ్బంది గొంతుతో వచ్చింది. మనసులో చదువుకోవడం వేరు, పైకి చదవడం వేరు. ఉదయం అయిదున్నరకు నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది. పక్క గదిలోంచి అమ్మాయి "అమ్మా, మెల్లగా" అని విసుక్కునేది. మూడో కీర్తనలో 'సెలా' అని వచ్చింది. దాన్ని చదవాలా వదిలేయాలా తెలియక ఫోను చేసి అడిగాను. "అక్కడ ఊపిరి తీసుకో" అన్నారు సిస్టరమ్మ. ఆ పదానికి పండితులు ఏ అర్థం చెబుతారో గానీ, నాకు అదే ఉపయోగపడింది.

స్తోత్రాలు బిల్లు పుస్తకం వెనక రాసేదాన్ని. ఇప్పుడు తిరగేస్తే నవ్వొస్తుంది. "కరెంటు పోలేదు." "సూది విరగలేదు." "లైనింగ్ గుడ్డ సరిపోయింది." మార్చి 8న, నాలుగో కీర్తన రోజు, ఒక ఆవిడ జాకెట్టు భుజాల దగ్గర జారుతోందని నలుగురిలో నన్ను దులిపేసి పోయింది. వాళ్లకు ధాన్యం, ద్రాక్షారసం సమృద్ధిగా ఉన్ననాటి సంతోషం కన్నా ఎక్కువ సంతోషం నా గుండెలో పెట్టావు అంటాడు ఆ కీర్తనలో దావీదు. నేను ఆ రోజు రాసిన మూడో స్తోత్రం: "ఆవిడ డబ్బులిచ్చింది."

కీర్తనల గ్రంథమంటే నిండా స్తుతులే ఉంటాయనుకున్నాను. ఆదివారం ఆరాధనలో వినేవి అలాంటివే కదా! వరసగా చదివితే గానీ తెలియలేదు, అందులో ఎన్ని మొరలు, ఎన్ని ఫిర్యాదులు ఉన్నాయో. పదమూడోది "ఎంతవరకు?" అన్న మాటతోనే మొదలవుతుంది. ఇరవై రెండోది సిలువ మీద యేసు నోట వచ్చిన కేక. గుడ్ ఫ్రైడే, ఏప్రిల్ 18. ఆ రోజు వంతు నలభై అయిదో కీర్తనది. తీరా చూస్తే అది పెళ్లిపాట! రాజు, రాణి, అత్తరు వాసన, బంగారు నగలు. తెల్లచీర కట్టుకుని, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనకు బయలుదేరుతూ పెళ్లిపాట చదవడం ఏమిటని దాటేయబోయాను. మళ్లీ ఆగి చదివేశాను. మా పెళ్లిలో ఆయన వేసుకున్న బిగుతు కోటు గుర్తొచ్చింది. నాలుగేళ్లలో ఆయన్ని తలుచుకుని నవ్వడం అదే మొదటిసారి.

ఈస్టరు తర్వాత కూడా ఆపలేదు.

ఏప్రిల్ 24న 51వ కీర్తన వచ్చింది. దావీదు పశ్చాత్తాపం. చదివి బాగా ఏడ్చాను. దేవుణ్ని క్షమాపణ అడిగాను. దేనికి అన్నది పేరు పెట్టి అడగలేదు. ఏడ్చాక తేలికపడ్డట్టు అనిపించింది, మధ్యాహ్నానికి మళ్లీ మామూలే. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు చెల్లించాల్సిన చోట చెల్లించకుండా, అడగని చోట కానుక వేసి వచ్చాను.

పెళ్లిళ్ల పనితో మే నెల గడిచిపోయింది. మే 31న 88వ కీర్తన. మిగతా మొరల్లో చాలావరకు చివర్లో ఎక్కడో ఒక వెలుగు చూపిస్తాయి, ఇది చూపించదు. చీకటే నాకు బంధువర్గమైంది అంటూ అక్కడే ఆగిపోతుంది. ఆ ఏడాది వానలు మే నెలాఖరుకే వచ్చేశాయి. బయట చినుకులు, లోపల నేను. చదవడం అయిపోయాక కూడా చాలాసేపు నిలబడే ఉన్నాను. ఇలాంటి మాటను కూడా బైబిలులో ఉండనిచ్చారంటే, నేను రోజూ "దేవుని కృప" అని అబద్ధమాడాల్సిన పని లేదన్నమాట. ఆ రోజు స్తోత్రాల చోట ఒక్కటే రాశాను: "ఇది కూడా రాసి ఉంచినందుకు."

మిషన్ దగ్గర పాడటం మొదలుపెట్టింది ఆ వారంలోనే. దానికి కారణం ఆదివారం పాస్టరు అయ్యగారి ప్రసంగం. సువార్త ప్రకటిస్తూ తిరిగిన పౌలు, సీల ఫిలిప్పీ అనే ఊరి చెరసాలలో అర్ధరాత్రి పాడిన సంగతి. ఒంటి మీద దెబ్బలు, కాళ్లకు బొండ కొయ్య. నేను చిన్నప్పటి నుంచి వింటున్న కథే. చెరసాల తలుపులు తెరిచిన భూకంపం వచ్చింది పాట తర్వాత అన్న సంగతి మాత్రం అంతవరకు నా బుర్రకు ఎక్కలేదు. పాడుతున్నప్పుడు తలుపులు మూసే ఉన్నాయి. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని తర్వాత పౌలు ఉత్తరం రాసింది ఆ ఊరి సంఘానికే, అదీ బంధకాల్లో ఉండి. సరే, మనమూ మూసిన తలుపుల దగ్గరే పాడదామని మిషన్ తొక్కుతూ మొదలుపెట్టాను. శ్రుతి లేదు. పని నేర్చుకుంటున్న పిల్ల తల వంచుకుని నవ్వుకుంది.

జూన్ 12న బడులు తెరిచారు. ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా ప్రైవేటు బడి యూనిఫారాలు. పొద్దున్నే వందో కీర్తన, "సంతోషముతో యెహోవాను సేవించుడి." కళ్లు మండుతున్నాయి. తొమ్మిదింటికి ఆ పిల్ల ఒక నిక్కరుకు జేబు తిరగేసి కుట్టింది. దాని మీద అరిచాను. అరిచాక పొద్దున చదివిన మాట గుచ్చుకుంది. సంతోషంగా చేసే సేవ ఇదేనా? మూడో నియమం గుర్తొచ్చి, ఆ పిల్లను క్షమించమని అడిగాను. రాత్రి పనికి 300 విడిగా ఇచ్చాను. అలాంటి చిన్న చిన్న విధేయతలు చాలానే చేశాను. ఎదురింటి వాళ్ల గిన్నె తిరిగిచ్చాను, తప్పిపోయిన కొలత బట్టకు డబ్బు కట్టాను. పెద్దది ఒకటి మిగిలి ఉందని నాకు తెలుసు. చిన్నవి చేస్తున్నది దాన్ని కప్పెట్టడానికేనని కూడా తెలుసు.

అదేమిటో చెప్పాలి ఇక. మా అత్తమ్మకు మూడు తులాల గుండ్లపేరు, అంటే బంగారు గుండ్ల దండ, ఉండేది. పోయే ముందు దాన్ని నా చేతిలో పెట్టి, "రెండు తులాలు మీకు, ఒకటి నా బిడ్డకు" అన్నారు. బిడ్డంటే మా వదిన, మా ఆయన అక్క. పరకాలలో ఉంటారు. ఆయన జబ్బు పడ్డప్పుడు రెండు తులాలు అమ్మాం. ఆయన పోయిన తర్వాత వదిన అడిగితే, "మూడూ ఆసుపత్రికే అయిపోయాయి" అన్నాను. అయిపోలేదు. తులం మిగిలింది. 2021 ఫిబ్రవరిలో దాన్ని అమ్మితే తరుగు పోను 42,500 వచ్చింది. అందులో 31 వేలతో గుడ్డ అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొన్నాను. అప్పటి నుంచి ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది దాని మీదే. వదినతో మాటలు మాత్రం ఆగిపోయాయి. "ఆవిడే డబ్బు మనిషి" అని అందరికీ చెప్పుకున్నాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది.

జూన్ 21న 109వ కీర్తన. శత్రువు మీద శాపాలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, దాన్ని వదిన ముఖం తలుచుకుంటూ చదివాను, గొంతు కూడా బాగా పలికింది.

జూలై 1న 119వ కీర్తన. 176 వచనాలు, హెబ్రీ అక్షరాలు ఇరవై రెండింటి కింద ఎనిమిదేసి చొప్పున. నిలబడి చదవడానికి నాకు 24 నిమిషాలు పట్టింది. మోకాళ్లు లాగేస్తుంటే ఓవర్‌లాక్ టేబులు అంచు పట్టుకుని నిలబడ్డాను. 162వ వచనం దగ్గరికి వచ్చాను. విస్తారమైన దోపుసొమ్ము దొరికినవాడిలా నీ మాటను బట్టి సంతోషిస్తున్నాను అని ఉంది. దోపుసొమ్ము. నా చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాను. వేడి తగిలినట్టు వెనక్కి తీసుకున్నాను. ఆ వచనానికి అర్థం అది కాదని నాకూ తెలుసు. ఆ పొద్దున నాకు తగిలిన అర్థం మాత్రం అదే.

ఆ రోజే చెయ్యాలన్నది నియమం. చెయ్యలేదు. రెండు వారాలు చెయ్యలేదు. సాకు ఉంది, ఆషాఢం. పెళ్లిళ్లు లేవు, జాకెట్లు లేవు, గల్లాపెట్టెలో చిల్లర తప్ప ఏమీ లేదు. ఆ రెండు వారాలూ కీర్తనలు చదవడం ఇసుక నమిలినట్టుంది. 126వది కన్నీళ్లతో విత్తి సంతోషంతో కోయడం గురించి. ఏమీ అనిపించలేదు. జూలై 15న 133వ కీర్తన. మూడే మూడు వచనాలు, సహోదరులు ఐక్యంగా ఉండటం ఎంత మేలో అని. మూడు వచనాలను తప్పించుకునే దారి దొరకలేదు. అద్దాలు తీసేసి సిస్టరమ్మ ఇంటికి నడిచి వెళ్లాను.

అంతా విన్నారు. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. యోహాను సువార్త 15వ అధ్యాయం తీసి రెండు వచనాలు చదివించారు. పదోదానిలో ఆజ్ఞలు గైకొనడం, పదకొండోదానిలో మీ సంతోషం పరిపూర్ణం కావాలన్న మాట. "ఇన్నాళ్లు పదకొండు కావాలన్నావు, పది దాటేసి" అన్నారు.

నేను లెక్క తయారుగా పెట్టుకునే వెళ్లాను. లేవీయకాండం 6వ అధ్యాయంలో ఉంది. అన్యాయంగా తీసుకున్నదాన్ని తిరిగి ఇస్తూ దానికి ఐదోవంతు కలపాలి. 42,500కు ఐదోవంతు 8,500. మొత్తం 51 వేలు. వాక్యప్రకారమే కదా అన్నాను, కొంచెం గర్వంగానే.

"నువ్వు తీసుకున్నది డబ్బా, బంగారమా?"

నోరు మూసుకున్నాను. తులం ధర అప్పటికి, 22 క్యారెట్లది, 90 వేలు దాటి ఉంది.

17న చిట్టీ పాటకు వెళ్లాను. 50 వేల చిట్టీ. ఏడు వేలు తగ్గించుకుని పాడి 43 వేలు తెచ్చుకున్నాను. ఇంట్లో ఉన్న రెండు వేలు కలిపితే 45. అమ్మాయికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా కాలేజీ ఫీజు ఉంచావా?" అని అడిగింది. ఉంచాను. "అయితే వెళ్లు" అంది.

జూలై 20 ఆదివారం. కానుక బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి నీ సహోదరుడితో సమాధానపడు అన్న యేసు మాటను అక్షరాలా తీసుకుని ఆరాధన మానేశాను. దీని మీద తర్వాత కొందరు అక్కలు గుసగుసలాడారు, ఆదివారం పూట ఊరు తిరగడమేమిటని. పొద్దున్నే పరకాల బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కింద జీరో టికెట్టు ఇచ్చారు. జాకెట్టులో 45 వేలు, చేతిలో సున్నా రూపాయల టికెట్టు. దారంతా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. గంట ప్రయాణంలో నాలుగు రకాలుగా కూర్చాను, నాలుగింటిలోనూ నా తప్పు కన్నా నా కష్టాలే ఎక్కువ ఉన్నాయి.

వదిన అరుగు మీద కూర్చుని పుంటికూర తుంచుతున్నారు. నన్ను చూసి లేవలేదు. కూర్చోమనలేదు. కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "వదినా, అప్పుడు తులం మిగిలింది. అబద్ధం చెప్పాను. మిషన్ కొనుక్కున్నాను" అన్నాను. నాలుగు రకాలుగా కూర్చినది నాలుగు ముక్కల్లో అయిపోయింది.

ఆవిడ ఇంకో రెండు కాడలు తుంచారు. "నాకు తెలుసు" అన్నారు.

ఆ గుండ్లపేరు చేసిన అవుసలాయన, అంటే కంసాలి, వీళ్ల వీధిలోనే ఉంటాడట. నేను వరంగల్లో అమ్మినప్పుడు ఆ గుండ్లు చేతులు మారి అతని కంటబడ్డాయట. తన చేతిపని తాను గుర్తుపట్టడా! ఆ వారమే వదినకు తెలిసిపోయింది. "నువ్వే వచ్చి చెబుతావేమోనని ఒక ఏడాది చూశాను. తర్వాత చూడటం మానేశాను" అన్నారు.

అంటే ఇన్నేళ్లూ నేను దాచిపెట్టింది ఎవరి దగ్గర? అరుగు అంచున కూలబడ్డాను. ఏడుపు వస్తుందనుకున్నాను గానీ రాలేదు. విపరీతమైన దాహం వేసింది. అడిగాను. చెంబుతో తెచ్చి ఇచ్చారు.

డబ్బు లెక్కపెట్టుకున్నారు, రెండుసార్లు. కౌగిలింతలు ఏమీ జరగలేదు. మిగతా 45 వేలు నెలకు నాలుగు వేల చొప్పున ఇవ్వాలని ఖాయం చేసుకున్నాం. బంగారం ఎంత పెరిగినా ఈ లెక్క మారదని ఆవిడే అన్నారు. నేను ఆ ఐదోవంతు సంగతి కూడా ఎత్తాను. వదిన చర్చికి రారు, బతుకమ్మ పేరుస్తారు. "అది మీ దేవుడి లెక్క, నాతో వద్దు" అన్నారు. కాసేపాగి, "అంత ఇవ్వాలనుంటే జాకెట్లు కుట్టిపెట్టు" అన్నారు. 90 వేలకు ఐదోవంతు 18 వేలు. లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి 350. నేను మనసులోనే భాగించుకున్నాను. 51 జాకెట్లు, ఇంకా 150 రూపాయలు. పైకి చెబితే వదిన పెదవి ఒక పక్కకు వంగింది. ఆయన నవ్వును ఆపుకునేటప్పుడు అచ్చంగా అలాగే ఉండేది.

భోజనం పెట్టలేదు. పరకాల బస్టాండులో ఇడ్లీ తిన్నాను, ముప్పై రూపాయలు. తిరుగు బస్సులో నిద్రపోయాను. హన్మకొండలో కండక్టరు లేపాడు.

సంతోషం ఎప్పుడు వచ్చిందని సిస్టరమ్మ అడగలేదు, మీరు అడుగుతారని రాస్తున్నాను. బస్సులో కాదు. ఆ రాత్రి కూడా కాదు. సోమవారం లేదు, నెలకు నాలుగు వేలు ఎక్కడి నుంచి తేవాలన్న బెంగే ఉంది. ఆ వారం మధ్యలో ఒక రోజు లేచేసరికి కిటికీలో వెలుతురు కనబడింది. టైము చూస్తే అయిదు ముప్పావు. మూడింటికి మెలకువ రాలేదు. ముందు రోజు వచ్చిందా అని గుర్తు చేసుకుంటే, అప్పుడూ రాలేదు. కీర్తన చదవడానికి నిలబడి ఓవర్‌లాక్ టేబులు మీద చెయ్యి ఆనించాను. మామూలు చెక్క. ఆ రోజు బిల్లు పుస్తకం వెనక మూడు స్తోత్రాల గీత దాటి తొమ్మిది రాశాను.

25న శ్రావణం మొదలైంది. వరలక్ష్మీ వ్రతానికి జాకెట్ల మీద జాకెట్లు వచ్చి పడ్డాయి. ఆగస్టు 1, శుక్రవారం, నూట యాభయ్యో కీర్తన. బాకా, తంబుర, తాళాలు, చివరికి ఊపిరి ఉన్న ప్రతిదీ యెహోవాను స్తుతించాలని. అమ్మాయి లేచి వచ్చి గుమ్మంలో నిలబడి విని, "అయిపోయిందా? రేపటి నుంచి నిద్రపోవచ్చా?" అంది. రేపటి నుంచి మళ్లీ ఒకటి అన్నాను. తల పట్టుకుంది.

ఆ సాయంత్రమే వదిన కొడుకు పని మీద హన్మకొండ వస్తూ ఒక సంచి ఇచ్చి వెళ్లాడు. అందులో ముదురు ఆకుపచ్చ గుడ్డ, కొలతకు పాత జాకెట్టు, చిన్న చీటీ: "చేతులు కొంచెం వదులు పెట్టు. వెనక లోతు వద్దు."

వ్రతం గుడ్డలన్నీ పక్కన పెట్టి దాన్నే ముందు కత్తిరించాను. పని నేర్చుకుంటున్న పిల్ల బిల్లు రాయాలా అని అడిగింది. బిల్లు వద్దు, గోడ మీద పెన్సిలుతో 51 అని రాసి, దాన్ని కొట్టేసి, కింద 50 అని వెయ్యి అన్నాను. చేతులు అతికేటప్పుడు దారం తెగింది. పాట మాత్రం ఆపకు అక్కా, చరణం మధ్యలో ఉన్నావు అంది ఆ పిల్ల. నేను పాడుతున్నానని అది చెప్పేదాకా నాకు తెలియదు.